రోడియో రాణి వేసవి

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో మే నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా రోడియోల కాలం. పశువుల కాపరుల పనితనాన్ని పోటీగా మార్చిన ఆట రోడియో. చిందులు తొక్కే గుర్రం మీద, రంకెలేసే ఆంబోతు మీద ఎనిమిది సెకన్లు పట్టు తప్పకుండా నిలవడం, పారిపోతున్న దూడ మెడకు తాడు విసిరి పట్టడం, కోడెను కొమ్ములు పట్టి నేలకు వంచడం, మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని మెలికలు తిప్పి తేవడం ఇందులో ముఖ్యమైన అంశాలు. రోడియో జరిగే ఊళ్లలో చాలావాటికి ఒక రాణి ఉంటుంది. రాష్ట్రానికి మరొక రాణి, దేశానికి ఇంకొక రాణి. ఇరవై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న అమ్మాయి. పదవీకాలం ఏడాది. వెడల్పంచు టోపీకి ముందువైపు కిరీటం, భుజం మీదుగా తన బిరుదు రాసిన పట్టీ, కింద జీను వేసిన గుర్రం ఆమె గుర్తులు. దూరం నుంచి చూసినవారికి అందాల పోటీలో గెలిచిన అమ్మాయిలాగే కనిపిస్తుంది. నిజానికి ఆ పదవిలో అలంకారం పాలు తక్కువ, చాకిరీ పాలు ఎక్కువ. గుర్రపు స్వారీ క్షుణ్ణంగా రాకపోతే ఆ వేసవి గడవదు.

ఈ ఆట మూలాలు మెక్సికోలో ఉన్నాయి. స్పానిష్ పాలన నాటి పశువుల కాపరులైన వకేరోల దగ్గర నుంచే ఉచ్చు తాడు, కొమ్ము ఉన్న జీను, గుర్రాన్ని మచ్చిక చేసే పద్ధతులు టెక్సాస్ కౌబాయ్‌ల చేతికి వచ్చాయి. 1865లో అంతర్యుద్ధం ముగిశాక టెక్సాస్ నుంచి కాన్సాస్ రైల్వే స్టేషన్ల దాకా లక్షలాది పశువులను నెలల తరబడి తోలుకెళ్లేవారు. తరువాత ముళ్లకంచె వచ్చింది, రైలు పట్టాలు పశువులున్న చోటికే చేరాయి. రెండు దశాబ్దాల్లో ఆ పని ముగిసిపోయింది. పని పోయినా పనితనం పోలేదు. అది పండుగలకు ఎక్కింది. అరిజోనాలోని ప్రెస్కాట్‌లో 1888లో, వయోమింగ్ రాజధాని షయెన్‌లో 1897లో, ఒరెగాన్‌లోని పెండిల్‌టన్‌లో 1910లో, సరిహద్దు అవతల కెనడా నగరం కాల్గరీలో 1912లో మొదలైన ఉత్సవాలు ఇప్పటికీ జరుగుతున్నాయి.

వీటిలో రాణి కథ మొదలైంది పెండిల్‌టన్‌లో. గోధుమ పొలాల నడుమ, ఉన్ని దుప్పట్ల మిల్లుకు పేరుపడ్డ చిన్న పట్టణం అది. అక్కడి ఉత్సవం పేరు రౌండప్. మొదటి ఏడాదే బర్తా యాంగర్ అనే యువతిని రాణిగా ఎన్నుకున్నారు. ఆ తొలి రోజుల్లో రాణులంటే ఎక్కువగా పట్టణంలోని పేరున్న ఇళ్ల అమ్మాయిలు. ఊరేగింపులో ముందు నిలవడం, అతిథులను పలకరించడం, ఊరి పరువు నిలబెట్టడం వారి బాధ్యత. స్వారీ వస్తే మంచిదే, రాకపోయినా పెద్ద పట్టింపు లేదు.

అదే కాలంలో బరి లోపల వేరే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లు చిందుల గుర్రాలెక్కేవారు, ఎద్దులకు తాళ్లు వేసేవారు, మగవాళ్లతో సమానంగా దెబ్బలు తిని బహుమతి సొమ్ము గెలిచేవారు. వారిలో మేబెల్ స్ట్రిక్‌ల్యాండ్ పేరు దేశమంతా తెలుసు. 1927లో పెండిల్‌టన్ ఆమెనే రాణిగా పిలిచింది. అప్పటికి ఆమె పెళ్లయిన స్త్రీ, వృత్తి క్రీడాకారిణి. అంతకు ముందు ఏడాది, 1926లో, యుమటిల్లా తెగకు చెందిన ఎస్తర్ మోటానిక్ రాణి అయింది. స్థానిక తెగల నుంచి ఆ ఊళ్లో కిరీటం అందుకున్న మొదటి యువతి ఆమె. ఈ రెండేళ్లూ రోడియో రాణుల చరిత్రలో ఎంతో విలువైనవి. కిరీటం ఎవరికి దక్కాలన్న ప్రశ్నకు ఆ చిన్న ఊరు ఆనాడే ఇంత విశాలమైన జవాబు చెప్పింది.

ఆ విశాలత ఎక్కువ కాలం నిలవలేదు. 1929 సెప్టెంబరులో పెండిల్‌టన్ బరిలో బానీ మెకారల్ అనే నిపుణురాలు గుర్రం మీద నుంచి పడింది. ఆ రోజుల్లో ఆడవాళ్ల కోసం రెండు రికాబులనూ గుర్రం పొట్ట కింది నుంచి కలిపి కట్టేవారు. కాలు ఊగకుండా ఆసరాగా ఉంటుందని ఆ ఏర్పాటు. పడినప్పుడు మాత్రం ఆ కట్టే కాలిని వదలదు. ఆమె విషయంలో అదే జరిగింది. గాయాలతో కొన్ని రోజులకే ఆమె చనిపోయింది. పెండిల్‌టన్ నిర్వాహకులు ఆడవాళ్ల చిందుల గుర్రం పోటీని ఆపేశారు. అదే ఏడాది రోడియో నిర్వాహకులంతా కలిసి ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. దాని ఛాంపియన్‌షిప్ అంశాల్లో ఆడవాళ్ల పోటీలకు చోటు లేదు. మగవాళ్లు బరిలో చనిపోయినప్పుడు మగవాళ్ల పోటీలు ఆగలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

మరి గుర్రం మీది ఆడపిల్ల ఎటు పోవాలి? టెక్సాస్‌లోని స్టామ్‌ఫర్డ్ అనే ఊరు 1931లో ఒక దారి చూపింది. చుట్టుపక్కల పట్టణాలు తమ తరఫున ఒక్కొక్క అమ్మాయిని పంపాలి. దుస్తులకు కొన్ని మార్కులు, గుర్రానికి కొన్ని, పీపాల చుట్టూ స్వారీ చేయడానికి కొన్ని. నేటి పీపాల పందెం, నేటి రోడియో రాణి పోటీ రెండింటి పోలికలూ ఆ ఏర్పాటులో కనిపిస్తాయి. షయెన్‌లో అదే 1931లో జీన్ నిమ్మో మొదటి మిస్ ఫ్రాంటియర్, అంటే అక్కడి రాణి, అయింది. కాల్గరీలో 1946లో ప్యాట్సీ రాడ్జర్స్ తొలి రాణి. 1954లో అక్కడ కైనాయ్ తెగ యువతి ఎవెలిన్ ఈగిల్ స్పీకర్ కిరీటం పెట్టుకుంది. పోటీ చేసే హక్కును తిరిగి సంపాదించుకోవడానికి 1948లో టెక్సాస్‌లోని శాన్ ఏంజెలోలో 38 మంది స్త్రీలు కలిసి గర్ల్స్ రోడియో అసోసియేషన్ స్థాపించారు. నేటి మహిళల వృత్తి రోడియో సంఘానికి అదే పునాది. దేశం మొత్తానికి ఒక్క రాణి అనే ఆలోచన, అంటే మిస్ రోడియో అమెరికా పోటీ, 1950ల మధ్యలో వచ్చింది. కాబట్టి ఆడవాళ్లకు పోటీలు మూసుకుపోతున్న ఏళ్లలోనే రాణి పదవి బలపడింది. అది గౌరవం, కొంతవరకు ఓదార్పు కూడా. ఆ ఓదార్పునే ఒక విద్యగా మార్చిన ఘనత ఆ అమ్మాయిలది.

నేటి రాణిని మూడు కొలతలతో ఎంచుతారు. రూపం, వ్యక్తిత్వం, అశ్వవిద్య. మొదటి దానిలో దుస్తుల ప్రదర్శన, నిలబడే తీరు. రెండో దానిలో ఉపన్యాసం, న్యాయనిర్ణేతలతో ముఖాముఖి, అప్పటికప్పుడు అడిగే ప్రశ్నలు. అసలు గీటురాయి మూడోది. ముందుగా ఇచ్చిన నమూనా ప్రకారం గుర్రాన్ని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి. మలుపు దగ్గర అది ముందు వేసే కాలు మార్చాలి. దౌడు మీద వస్తూ ఒక్కసారిగా నిలపాలి, వెనక కాళ్ల మీద తిప్పాలి, వెనక్కి నడిపించాలి. జాతీయ పోటీలో ఇవన్నీ సొంత గుర్రం మీద కాదు. చీటీ తీస్తే వచ్చిన గుర్రం మీద చేయాలి. దాని నోరు ఎంత సున్నితమో, ఏ శబ్దానికి బెదురుతుందో తెలుసుకోవడానికి దొరికేది కొద్ది సమయమే.

రాత పరీక్ష కూడా ఉంటుంది. జీను భాగాల పేర్లు, గుర్రానికి వచ్చే కడుపునొప్పి లక్షణాలు, డెక్క వాపుకు కారణాలు, రోడియో నియమాలు అన్నీ అడుగుతారు. చిందుల గుర్రం పోటీలో ఇద్దరు న్యాయనిర్ణేతలు ఒక్కొక్కరు రౌతుకు 25, జంతువుకు 25 మార్కుల లెక్కన మొత్తం వందకు వేస్తారు. గుర్రం బయటికి వచ్చి మొదటి గెంతు గెంతి ముందు కాళ్లు నేలకు తాకే వేళకు రౌతు మడమలు దాని భుజాలకు పైన ఉండాలి, లేకపోతే ఆ స్వారీ లెక్కలోకి రాదు. పీపాల పందెంలో పీపా ఒరిగి పడితే అయిదు సెకన్లు కలుపుతారు. ఇవన్నీ ఆమె నాలుక చివర ఉండాలి. ఎందుకంటే వేసవి పొడవునా విలేకరులూ పిల్లలూ ఊరికి కొత్తగా వచ్చిన ప్రేక్షకులూ అడిగేది ఆమెనే.

జూన్‌లో నెవాడాలోని రీనో రోడియో వంటి పెద్ద ఉత్సవాలతో వేసవి వేడెక్కుతుంది. జులై 4 అమెరికా స్వాతంత్ర్య దినం. దానికి అటూ ఇటూ ఉన్న వారాన్ని రోడియోవాళ్లు కౌబాయ్ క్రిస్మస్ అంటారు. ప్రెస్కాట్, వయోమింగ్‌లోని కోడీ, కొలరాడోలోని గ్రీలీ, ఒరెగాన్‌లోని సెయింట్ పాల్, ఇంకా ఎన్నో ఊళ్లలో ఒకేసారి రోడియోలు. బహుమతి సొమ్ము వేసవిలో మరే వారంలోనూ ఇంత ఉండదు. రౌతులు రాత్రంతా బండి నడిపి రోజుకు రెండు ఊళ్లలో పాల్గొంటారు. రాష్ట్ర రాణి పరిస్థితీ అంతే. పొద్దున ఒక ఊళ్లో ఊరేగింపు, మధ్యాహ్నం ఆసుపత్రిలో పిల్లల పలకరింపు, సాయంత్రం బరి, రాత్రి దాతల విందు, మర్నాడు మరో ఊరు. సొంత గుర్రాన్ని ట్రెయిలర్‌లో వెంట తెచ్చుకునే స్థానిక రాణికి ఇంకొక పని కూడా ఉంటుంది. ఎంత రాత్రయినా గుర్రానికి నీళ్లు, మేత పెట్టి, కాళ్లు తడిమి చూశాకే తన నిద్ర. దూర రాష్ట్రాలకు వెళ్లే రాణులకు మాత్రం ఏ ఊరికి ఆ ఊళ్లోనే ఎవరో ఒకరు గుర్రాన్ని అరువిస్తారు. అది పందెపు గుర్రం కావచ్చు, దొడ్డిలో పశువులు తోలే ముసలి గుర్రం కావచ్చు. మంచి రాణికి ఏదైనా ఒకటే.

జులై చివరి పది రోజులు షయెన్‌వి. అక్కడి ఉత్సవాన్ని రోడియోలన్నిటికీ తండ్రి అని పిలుచుకుంటారు. ఊరి నడిబొడ్డున ఉచితంగా పెట్టే పాన్‌కేక్ ఫలహారానికి వేలమంది వరుసలు కడతారు. పిండిని సిమెంటు కలిపే యంత్రంలో కలుపుతారు! మిస్ ఫ్రాంటియర్, ఆమె పక్కన లేడీ ఇన్ వెయిటింగ్ అనే సహచరి, ఇద్దరూ తోలు దుస్తుల్లో ఆ జనం మధ్య తిరుగుతారు. ఈ సంవత్సరపు సహచరి వచ్చే సంవత్సరానికి మిస్ ఫ్రాంటియర్ అవుతుంది. బాధ్యత ఎక్కకముందే ఏడాది శిక్షణ దొరికే ఈ పద్ధతి ఎంతో తెలివైనది.

రోడియో సాయంత్రం రాణి పని ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. ఆట మొదలవడానికి ముందు ప్రవేశ ఊరేగింపు. రౌతులు, నిర్వాహకులు, దాతల జెండాలు పట్టిన అమ్మాయిలు గుర్రాల మీద వరుసగా బరిలోకి వస్తారు. తరువాత దీపాలు తగ్గుతాయి, వ్యాఖ్యాత గొంతు పెరుగుతుంది, ద్వారం తెరుచుకుంటుంది. రాణి ఒక్కతే జాతీయ జెండాతో దౌడు మీద లోపలికి దూసుకొస్తుంది. జెండా కర్ర అడుగు కొస రికాబు దగ్గర ఉన్న చిన్న తొడుగులో ఆని ఉంటుంది. కుడి చేత్తో కర్ర, ఎడమ చేత్తో కళ్లెం. గుడ్డ గాలికి బిగిసి కర్రను వెనక్కి లాగుతూ ఉంటుంది. గుడ్డ చప్పుడుకు కొత్త గుర్రం చెవులు వెనక్కి వాలుస్తుంది. అప్పుడు ఆమె చేయగలిగిందల్లా తొడలతో, మడమలతో దానికి ధైర్యం చెప్పడం. చూసేవారికి కనిపించేది నవ్వు ముఖమే. మూల మలుపుల్లో గుర్రం లోపలికి ఒరిగినప్పుడు ఆమె నడుము నిటారుగా ఉందా లేదా అన్నది స్వారీ తెలిసినవాళ్లు మాత్రమే గమనిస్తారు. జెండా లేని రోజున చేయి ఊపుతూ గోడ వెంట ఒక చుట్టు. ఆ చేయి ఊపడానికీ సాధన కావాలి. దౌడు మీద ఉన్నప్పుడు చేయి గుర్రం లయకు కదిలిపోకుండా, గ్యాలరీలో చివరి వరుసకు కూడా పలకరింపులా కనిపించాలి.

పోటీలు మొదలయ్యాక చాలా రోడియోల్లో రాణులకు అప్పగించే పని పశువులను బయటికి తోలడం. తాడు పడ్డ దూడను విడిపించగానే, లేదా తాడు తప్పి దూడ బరిలో తిరుగుతుండగానే, రాణులు గుర్రాలతో వెనక చేరి దాన్ని అవతలి ద్వారం వైపు నడిపిస్తారు. ఇది తేలికగా కనిపించే కష్టం. మరీ దగ్గరికి వెళితే దూడ పక్కకు తిరిగి పారిపోతుంది, దూరంగా ఉంటే కదలదు. ఒక్క దూడ ఎదురు తిరిగిందంటే తరువాతి రౌతు వేచి ఉండాలి, వ్యాఖ్యాత మాటలు వెతుక్కోవాలి, ప్రేక్షకుల ఊపు తగ్గిపోతుంది. నేర్పున్న రాణి ఈ పనిని ఎవరి కంటా పడకుండా ముగించేస్తుంది. కిరీటానికి తగిన యోగ్యత ఏదైనా ఉంటే అది ఇక్కడే తేలుతుంది.

రాత్రి చివరి అంశం ఆంబోతు స్వారీ. ఆ ఆంబోతుల్లో చాలావాటికి మూపురం ఉంటుంది. తెలుగువారు ఆ మూపురాన్ని వెంటనే గుర్తుపడతారు. అమెరికన్ బ్రాహ్మన్ అనే పశుజాతి భారతదేశం నుంచి వెళ్లిన ఒంగోలు, గిర్, కాంక్రేజ్ రక్తాల కలయికతో టెక్సాస్, లూసియానా తీర ప్రాంతాల్లో రూపొందింది. ఒంగోలు జాతిని అక్కడ నెల్లూరు పేరుతో పిలిచారు. వేడిని, గోమారులను తట్టుకునే గుణం కోసం వాటిని తెచ్చుకున్నారు. ఆ జాతి పెంపకందారుల సంఘం 1924లో ఏర్పడింది. రోడియో ఆంబోతుల్లో బ్రాహ్మన్ రక్తం విస్తారంగా ఉంది. వాటి చురుకుదనం, కోపం, గిర్రున తిరిగే బలం ఆ పోటీని అంత ప్రమాదకరం చేశాయి. పెన్నా, కృష్ణా నదుల నడుమ పెరిగిన పశువుల వారసత్వం వయోమింగ్ బరిలో ఎనిమిది సెకన్ల పరీక్షగా నిలబడటం చరిత్రలోని గొప్ప ప్రయాణాల్లో ఒకటి.

ఆగస్టు కౌంటీ ఫెయిర్ల నెల. కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా. దాని వార్షిక వ్యవసాయ ప్రదర్శనే ఫెయిర్. రాణి వేసవిలో అతి ప్రశాంతమైన, అతి నిజమైన భాగం ఇదేనని చెప్పాలి. జెయింట్ వీల్, వేయించిన తినుబండారాలు, సాయంత్రం రోడియో ఒక వైపు. మరో వైపు పశువుల కొట్టాలు. అక్కడ పిల్లలు తాము పెంచిన దూడలను, పందులను, గొర్రెలను కడిగి, దువ్వి, న్యాయనిర్ణేత ముందు నడిపిస్తారు. వీరిలో ఎక్కువమంది 4-హెచ్ సంఘాల పిల్లలు. 1902లో ఒహాయోలో మొదలైన గ్రామీణ బాలల సంఘాలు ఆ ఉద్యమానికి మూలం. 1914 చట్టం తరువాత అది వ్యవసాయ విశ్వవిద్యాలయాల విస్తరణ సేవలో భాగమైంది. పరిశోధన, బోధన, విస్తరణ మూడూ ఒకే చోట ఉండే ఈ అమెరికా నమూనాలోనే 1964లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆచార్యులు దానికి తోడ్పడ్డారు.

ఫెయిర్ చివర్లో పశువుల వేలం. పన్నెండేళ్ల పిల్ల తాను నెలల తరబడి చేత్తో మేపిన కోడెను వలయంలో తిప్పుతూ ఉంటుంది. పక్కన రాణి నిలబడుతుంది. వేలం పాడే మనిషి గొంతు గుక్క తిప్పుకోకుండా సాగుతుంది. ఊరి బ్యాంకు, ట్రాక్టర్ల దుకాణం, కిరాణా వ్యాపారి పాట పెంచుతారు. బజారు ధర కన్నా ఎక్కువే ఇస్తారు, ఎందుకంటే ఆ సొమ్ము పిల్ల కాలేజీ చదువుకు పోతుందని వారికి తెలుసు. పాట ముగిశాక కోడె వధశాలకు వెళుతుంది. పిల్ల దాని మెడ పట్టుకుని ఏడుస్తుంది. ఏటా ఏదో ఒక కొట్టంలో ఇది జరిగేదే. అప్పుడు రాణి చేయాల్సింది ఫొటోకు నవ్వడం కాదు, ఆ పిల్లను పక్కకు తీసుకెళ్లడం. రాణుల్లో చాలామంది తామూ ఒకప్పుడు అదే వలయంలో అలాగే ఏడ్చినవాళ్లు. అందుకే ఆ ఓదార్పు పనికొస్తుంది.

మరికొన్ని పనులు ఇదే కాలంలో కలిసి వస్తాయి. చిన్న పిల్లలు గొర్రెల మీద స్వారీ చేసే సరదా పోటీలో హెల్మెట్లు బిగించడం, వికలాంగ బాలల కోసం ప్రత్యేకంగా జరిపే రోడియోలో చేయి పట్టి నడిపించడం, వృద్ధాశ్రమాలకు వెళ్లడం. రొమ్ము క్యాన్సర్‌పై పోరుకు నిధుల కోసం రౌతులంతా గులాబీ రంగు చొక్కాలు వేసుకునే రాత్రి ఒకటి ఉంటుంది. 2004లో డిసెంబరు నాటి జాతీయ రోడియో ఫైనల్స్‌లో మొదలైన ఈ ఉద్యమం ఇప్పుడు చిన్న ఊళ్ల దాకా పాకింది. విరాళాల డబ్బా పట్టుకుని గ్యాలరీ మెట్లెక్కేది సాధారణంగా రాణి, రాకుమార్తెలు అని పిలిచే ఆమె తోటి అమ్మాయిలే.

సెప్టెంబరు రెండో వారంలో మళ్లీ పెండిల్‌టన్. అక్కడి బరి నడుమ మట్టి బదులు పచ్చగడ్డి ఉంటుంది. గడ్డి మీద దౌడు ఎంత అందమో అంత ప్రమాదం, గుర్రం జారవచ్చు. అక్కడి రాణి, నలుగురు రాకుమార్తెలు బరిలోకి వచ్చే తీరు మరెక్కడా కనిపించదు. ద్వారం తెరవరు. వాళ్లు దౌడు మీద వచ్చి కంచె మీదుగా గుర్రాలను దూకించి లోపలికి దిగుతారు. దానికోసం నెలల తరబడి సాధన చేస్తారు. ఊరి పక్కన యుమటిల్లా, కయూస్, వాలా వాలా తెగలవారు వందలాది గుడారాలు వేసుకుని ఉంటారు. రాత్రి జరిగే హ్యాపీ కేన్యన్ ప్రదర్శనకు స్థానిక తెగల నుంచి వేరే రాకుమార్తెలు ఉంటారు. 1926లో ఒకే కిరీటం అందరిదీ కాగలిగిన చోట తరువాత రెండు వరుసలు ఏర్పడటం ఆలోచించదగిన విషయమే.

దుస్తుల సంగతి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఖర్చంతా అక్కడే. పూసలు పొదిగిన చొక్కాలు, తోలు గౌన్లు, రంగురంగుల బూట్లు, కాళ్లకు అంచు కుచ్చుల తోలు తొడుగులు, ఒక్కొక్క జతకు సరిపోయే టోపీ. టోపీ ఊడకుండా ఉంచడం ఒక పెద్ద విద్య. లోపలి అంచుకు జిగురు పట్టీ, జుట్టుకు పిన్నులు, వెనక ఎలాస్టిక్. చాలా పోటీల్లో దౌడు మీద టోపీ పడితే మార్కులు పోతాయి. గుర్రం, ట్రెయిలర్, ఇంధనం, ఆపైన ఇవన్నీ. ఊరి దుకాణాలు, బంధువులు సాయం చేసినా భారం ఎక్కువగా తల్లిదండ్రులదే. గెలిచినవారికి ఉపకార వేతనం దొరికే మాట నిజం. డబ్బులేని ఇంట్లో పుట్టిన మంచి స్వారీగత్తెకు ఈ దారి ఇరుకైనదన్న మాటా అంతే నిజం. చాలా పోటీలు పెళ్లికాని యువతులకే పరిమితం కావడం మరో లోపం. మేబెల్ స్ట్రిక్‌ల్యాండ్‌కు ఆ షరతు వర్తించి ఉంటే ఆమె కిరీటం దగ్గరికే రాగలిగేది కాదు.

జంతువుల బాధ గురించిన ప్రశ్న రాణికి ఎదురవని వేసవి ఉండదు. దూడ మెడకు తాడు వేసి ఆపడం, చిందులు తొక్కించడానికి నడుము వెనక పట్టీ బిగించడం క్రూరమని జంతు హక్కుల సంఘాలు అంటాయి. బ్రిటన్‌లో 1934 చట్టం రోడియోను దాదాపుగా అసాధ్యం చేసింది. రోడియో సంఘాలు తమ నియమావళిని, ప్రతి పోటీ దగ్గర ఉండే పశువైద్యుడిని, పట్టీకి కప్పే మెత్తని ఉన్నిని చూపిస్తాయి. బట్టీ పట్టిన జవాబు చెప్పే రాణులున్నారు. గుర్రంతో రోజూ బతికిన అనుభవంతో నిజాయితీగా మాట్లాడేవారూ ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే, దాన్ని వినే ఓపిక ఆ పదవికి ఉండి తీరాలి.

రాణి అనే మాటకు మరో అర్థం చెప్పే పోటీ ఒకటి అరిజోనాలోని విండో రాక్‌లో ఉంది. సెప్టెంబరులో అక్కడి స్థానిక తెగ అయిన నవాహో జాతి ఫెయిర్ సందర్భంగా మిస్ నవాహో నేషన్‌ను ఎన్నుకుంటారు. 1952 నుంచి జరుగుతున్న ఈ పోటీలో అమ్మాయి నవాహో భాషలో ధారాళంగా మాట్లాడాలి, గొర్రెను కోసి, చర్మం ఒలిచి, మాంసం వేరు చేసి చూపాలి. గొర్రె ఆ జాతికి తిండి, బట్ట, సంపద అన్నీ. బతుకుతెరువు చేతికి వచ్చిన ఆడపిల్లే తమ ప్రతినిధి అని నవాహోలు తేల్చి చెప్పారు. రోడియో రాణుల పోటీల్లో అశ్వవిద్యకు మార్కులు పెంచాలని వాదించేవారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

డిసెంబరు మొదట్లో జాతీయ ఫైనల్స్ కోసం రోడియో లోకమంతా లాస్ వేగస్ చేరుతుంది. 1985 నుంచి ఫైనల్స్ అక్కడే స్థిరపడ్డాయి. రాష్ట్రాల రాణులు కూడా అక్కడే పోటీపడి దేశపు రాణిని తేల్చుకుంటారు. జనవరిలో కొలరాడో రాజధాని డెన్వర్‌లో జరిగే పెద్ద పశు ప్రదర్శన నాటికి పట్టీలు, కిరీటాలు చాలావరకు కొత్త భుజాలకు, కొత్త టోపీలకు మారిపోతాయి.

తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉంటున్న డల్లాస్‌కు పక్కనే మెస్కీట్ అనే పట్టణంలో వేసవి శనివారాల్లో రోడియో జరుగుతుంది. కొలరాడో, అరిజోనా, కాలిఫోర్నియాల్లో ఉన్నవారికి కౌంటీ ఫెయిర్ కూతవేటు దూరంలోనే దొరుకుతుంది. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు జులై, ఆగస్టుల్లో అక్కడ ఉంటే ఒక సాయంత్రం దానికి కేటాయించాలి. ప్రవేశ ఊరేగింపుకు ముందే చేరుకోవాలి, పశువుల కొట్టాలు తిరిగి చూడాలి. బరిలో దూడను ద్వారం వైపు తోలుతున్న అమ్మాయి కనిపిస్తే ఆమె కిరీటాన్ని కాదు, కళ్లెం పట్టిన చేతిని చూడాలి.